మావ ముట్టని చేప

ఐదు నెలలుగా మా ఇంట్లో రోజూ చేపల కూరే. చావు జరిగిన ఇంట్లో కర్మలు అయ్యేదాకా నీసు వండరు. అందుకే మా అత్త లక్ష్మణమ్మ పట్టుబట్టి వండుతుంది. వేటకెళ్లిన తెప్ప తిరగబడిన రోజు నా మొగుడు శివాజీతో ఉన్న ఇద్దరూ ఈదుకొచ్చారు. శివాజీ రాలేదు, శవమూ దొరకలేదు. ఒడిశా వైపు ఏదో పెద్ద బోటు ఒకణ్ణి ఎక్కించుకుందని ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని అత్త, చేతి గాజులు చూసుకుంటూ నేను రోజులు లాగుతున్నాం.

చేప మానేసింది మా మావ గంగరాజు ఒక్కడే. ముందు శనివారం వెంకన్నకి మొక్కానన్నాడు. తర్వాత సోమవారం శివుడికి, గురువారం బాబాకి. చూస్తుండగానే వారమంతా దేవుళ్లకే సరిపోయింది.

ఎచ్చెర్లలో చదువుకుంటున్న మా చెల్లెలు గౌరి ఫోన్లో నవ్వింది. "మాంసం మానీసి సేపలు తినీవోలున్నారే. గుడ్డొక్కటే తినీవోలున్నారు. పాలు కూడా ముట్టనోలున్నారు. రకానికో పేరుంది. మీ మావ ఏ రకమే?"

నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మొన్న గురువారం పక్కింటివాళ్లు కోడికూర పంపితే మావ మారుమాట్లాడకుండా తినేశాడు. బాబా మొక్కు ఏమైందనుకున్నాను. సాయంత్రం, చేప కాదు కదా అని అత్త ఆయనకి పీతల పులుసు వడ్డించింది. మావ కంచం వదిలేసి బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు.

వెనకాలే ఇసుకలోకి వెళ్లాను.

"ఇది ఏ దేవుడికీ కాదు. సముద్రంలో ఏటి సూసినావు మావా?"

ఆయన నా వైపు చూడలేదు.

"వలలో వొచ్చినాడమ్మా. పదో రోజు. తెప్ప మీద నానొక్కడినే ఉన్నాను. మొలతాడు సూసి పోల్సినాను. మొకం నేదు తల్లీ. పీతలూ, సేపలూ..." కండువాతో నోరు తుడుచుకున్నాడు. "ఆ రూపు మీయత్త సూడకూడదని నా సేతుల్తోనే మల్లీ నీటిలో ఇడిసీసినాను. నీ గాజులు పగలగొడతారని నోరిప్పనేదు."

నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ నన్ను ఉత్త ఆశ మీద నడిపించినందుకు ఆయన్ని కొట్టాలనిపించింది. కానీ కొడుకుని నీటిలో వదిలిన ఆ చేతులు చూసి పట్టుకున్నాను.

"అత్తకి సెప్పకు మావా. సచ్చిపోద్ది."

లోపలికి వచ్చేసరికి అత్త నా కంచంలో పులుసు పోసి కూర్చుంది.

"ఆయనకేటి మాయరోగమో. నువ్వు తినే. నువ్వు కూడా మానీసినావంటే ఈ ఇంట్లో నా కొడుకు కోసం సూసీవోలెవులున్నారు?"

ఆమె నా నోటి వైపే చూస్తోంది. పీత కాలు విరిచి, ముద్ద కలిపి మింగాను.

"ఉప్పు సరిపోనాదా?"

"సరిపోనాదత్తా," అని, ఇంకో గరిటె అడిగి వేయించుకున్నాను.