అయిదుకి మూడు

గాజు గ్లాసుల ఫ్యాక్టరీలో నేను ప్యాకింగ్ సూపర్‌వైజర్ని. పనివాళ్లను మెచ్చుకుంటే నెత్తికెక్కుతారని నా గట్టి నమ్మకం. పదకొండేళ్లలో నా నోటి నుంచి ఊడిపడ్డ అతి పెద్ద పొగడ్త ‘పర్వాలేదు’. అదైనా ఆ మనిషి అవతలికి వెళ్లాకే అనేవాణ్ని.

ఆర్డర్లు ఎక్కువైనప్పుడు రోజువారీ మనుషుల్ని నేనే ఫోన్లు చేసి పిలిపించుకునేవాణ్ని. వాళ్లందరిలోకీ పనిమంతురాలు మా వదిన, అంటే మా ఆవిడకు అక్క. గ్లాసును వేలితో ఒక్కసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని, కంటికి ఆనని పగులును కూడా పట్టేస్తుంది. ఆవిడ సర్దిన పెట్టె ఒక్కటీ ఇంతవరకు తిరిగి రాలేదు. మా తోడల్లుడికి నడుం పడిపోయాక ఆ ఇల్లు నడిచేది ఆవిడ పని మీదే. ఆవిడతో మాత్రం నేనెప్పుడూ మంచిమాట అనలేదు. బంధువుల్ని పొగడడం ఇంకా ప్రమాదం కదా.

ఈ ఏడు మా మేనేజరుకు కొత్త బుద్ధి పుట్టింది. తాత్కాలిక సిబ్బంది వ్యవహారమంతా తీసుకెళ్లి బయటి ఏజెన్సీ చేతిలో పెట్టాడు. మా పాతవాళ్లందరి పేర్లూ అక్కడే రాయించాడు.

“ఇక మీకు ఫోన్లు చేసే బాధ లేదు. ఎంతమంది కావాలో చెప్తే వాళ్లే పంపిస్తారు. సాయంత్రం ఒక్కొక్కరికీ అయిదు స్టార్లకి ఎన్నో ఒకటి వెయ్యండి, అంతే,” అన్నాడు.

“మనుషులకి మార్కులేంటి సార్?”

“వేస్తే మంచివాళ్లే మళ్లీ మళ్లీ వస్తారు.”

మొదటివారం దాదాపు అందరూ మా పాతవాళ్లే వచ్చారు. వదినకు మూడు వేశాను. నా చేత్తో మూడంటే మాటలు కాదు. మిగతావాళ్లకు రెండు. అయిదు ఎవరికి వేస్తారో నాకిప్పటికీ తెలియదు. దేవుడే దిగివచ్చి ప్యాకింగ్ చేసినా, ఇంకాస్త శ్రద్ధ పెడతాడని ఒకటి అట్టిపెట్టేవాణ్ని.

ఆ గుంపులో ఏజెన్సీవాళ్ల కొత్తవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు పెట్టెకు టేపు అంటించేలోపు టీ చల్లారిపోతుంది, వాడికి నత్త అని పేరు పెట్టాను. రెండోవాడు భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని పనిచేస్తాడు, వాడు హలో. ఇద్దరికీ సున్నా వేద్దామంటే ఆ గడే లేదు. ఒళ్లు మండి ఖాళీగా వదిలేశాను.

రెండోవారం వదిన రాలేదు. పాతవాళ్లు ఒక్కరూ రాలేదు. నత్త, హలో మాత్రం ఠంచనుగా వచ్చారు, వెంట మరో ఎనిమిదిమంది. మూడోవారానికి పగిలిన గ్లాసులతో పెట్టెలు తిరిగి రావడం మొదలైంది.

ఇంట్లో మా ఆవిడ కంచం నా ముందు పెట్టడం మానేసి, పడెయ్యడం మొదలుపెట్టింది.

“మా అక్క పేరు పక్కన పెట్టేశారట. దాని పని బాగాలేదని ఎవరో రాశారట,” అంది.

“ఎవడు వాడు?” అన్నాను, నిజమైన కోపంతోనే.

ఆవిడ నా వైపు చూసింది. అప్పుడు వెలిగింది నాకు.

వెంటనే ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి తీసింది. వదినను ఎందుకు పంపడం లేదని అడిగాను.

“నాలుగుకి తగ్గితే మళ్లీ పంపమండి,” అంది.

“మరి నేనేమీ వెయ్యనివాళ్లు రోజూ వస్తున్నారే?”

“ఖాళీగా వదిలితే ఫిర్యాదేమీ లేదని లెక్క. ఆవిణ్ని మళ్లీ తీసుకోవాలంటే ఆవిడ పని ఎలా ఉంటుందో మీరు నోటితో చెప్పాలి. నేను రాసుకుంటాను.”

గొంతు సవరించుకున్నాను. “ఆవిడ... పర్వాలేదమ్మా.”

“పర్వాలేదంటే మూడే అవుతుందండి.”

వంటింటి గుమ్మంలో మా ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. పగుళ్లు పట్టే చెవి గురించి చెప్పాను. జ్వరంతో వచ్చి కూడా లెక్క తప్పని రోజు గురించి చెప్పాను. కొత్తవాళ్లకు విసుక్కోకుండా నేర్పుతుందని, ఆవిడ రానిరోజు నాకు చెయ్యి విరిగినట్టుంటుందని చెప్పాను. చెబుతుంటే ఇవన్నీ నాకింత బాగా తెలుసా అని నాకే సిగ్గేసింది.

మూడోరోజు పొద్దున్నే వదిన ఇంటికి వచ్చింది.

“ఆ అమ్మాయి ఫోన్ చేసి మీరన్నదంతా చదివి వినిపించింది మరిదిగారూ. రెండుసార్లు చదివించుకున్నాను.”

“సరే వదినా, అయితే రేపట్నుంచి వచ్చెయ్యండి.”

“ఇంకో కంపెనీలో కొత్తవాళ్లకి పని నేర్పడానికి మనిషి కావాలట. మీ దగ్గరికి వెళ్తారా, అక్కడికి వెళ్తారా అని అడిగింది. అక్కడికే అన్నాను.”

“నా దగ్గరేం తక్కువైంది?”

“మీ దగ్గరికొస్తే ఆ మాటలు మళ్లీ వినపడవుగా,” అంది, కోపమేమీ లేకుండానే.

వినపడతాయని అందామనుకున్నాను. అబద్ధమవుతుందేమోనని ఊరుకున్నాను.