దక్షిణం చూసిన గొడుగు

నేను ఒక గొడుగును. వానకి అడ్డం పెట్టుకునే గొడుగునని ఎవరైనా అనుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను. పన్నెండడుగుల వెడల్పు, అల్యూమినియం చువ్వలు, వాటి మీద సన్నటి జల్లెడ, మధ్యలో మూడు కాళ్ళ మీద నిలబెట్టిన బుల్లి డబ్బా. ఆకాశంలో ఎక్కడో వేలాడే ఉపగ్రహం విదిల్చిన బొమ్మల్ని ఏరి ఆ డబ్బాలో పోయడం నా పని. ఇంగ్లీషులో నన్ను డిష్ అన్నారు, అంటే పళ్ళెమట. తెలుగులో గొడుగు అన్నారు. తినడం, తడవకుండా ఉండటం తప్ప ఈ మనుషులకి ఇంకో ఆలోచన లేదు.

నన్ను విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో బిగించారు. మొదటి యజమాని కేబుల్ టీవీ నడిపే ఈశ్వర్రావు. పేట పేటంతా నా పుణ్యాన సీరియళ్ళు చూసి ఏడ్చింది, క్రికెట్ చూసి ఎగిరింది. ఒక్కరైనా తలెత్తి నన్ను చూశారా? బొమ్మ ఆగిపోయినప్పుడు తిట్టడానికి మాత్రం తలెత్తేవాళ్ళు. తర్వాత భూమిలోంచి కొత్త తీగ వచ్చింది. ఇంక ఆకాశంతో పని లేదన్నాడు ఈశ్వర్రావు. నన్ను దింపి, పెరట్లో బోర్లించి, కింద కోళ్ళని పెట్టాడు. అవును, కోళ్ళగంపని చేశాడు. ఆకాశాన్ని పట్టినదాన్ని, పుంజులు నా చువ్వలకి ముక్కులు రాసుకుంటుంటే పడి ఉన్నాను. ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే.

అక్కడి నుంచి నన్ను విడిపించినవాడు పోలారావు. చేపల రేవులో మరపడవల ఇంజిన్లు బాగుచేస్తాడు. కాపురం బర్మా కాలనీలో. వాళ్ళ అమ్మ దాలమ్మ రంగూన్‌లో పుట్టి పెరిగింది. అక్కడ ఉండలేని రోజులొచ్చాక చంకలో మూటతో ఓడెక్కి ఈ రేవులో దిగింది. అలా వచ్చినవాళ్ళని కాందిశీకులన్నారు. ఏ దిక్కుకి పోవాలో తెలియక పరుగెత్తేవాళ్ళని ఆ మాటకి అర్థమట.

ఆ దాలమ్మకి పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ పడిపోవడం ఒక ఎత్తు, తెలుగు పోవడం ఇంకో ఎత్తు. ఇక్కడికొచ్చి బతుకంతా మాట్లాడిన తెలుగు ఒక్క ముక్క మిగలకుండా పోయి, చిన్ననాటి బర్మా భాష మాత్రం మిగిలింది. ఇంట్లో అది ఎవరికీ రాదు. కాలనీలో ఆ భాష వచ్చినవాళ్ళంతా కాలం చేశారు. కొడుకు ఏమడిగినా ఆవిడ అయోమయంగా చూసేది. తిండి తగ్గిపోయింది. పెద్ద గొడుగు పెట్టుకుంటే బర్మా ఛానళ్ళు డబ్బు కట్టకుండానే వస్తాయని టీకొట్టు దగ్గర ఎవరో చెప్పారు. తన భాష చెవిన పడితే అమ్మ నాలుగు ముద్దలు తింటుందని పోలారావు ఆశ. ఈశ్వర్రావుకి కోళ్ళ కోసం వెదురు గంప కొనిచ్చి, నన్ను తోపుడుబండి మీద తీసుకుపోయాడు. సందు మలుపులో ఇరుక్కున్నాను, గోడల పెచ్చులు రాల్చాను, చివరికి తాళ్ళతో లాగి డాబా ఎక్కించారు. సిమెంటు దిమ్మలో ఇనుప గొట్టం పాతి నన్ను దానికి తగిలించారు. చాలా ఏళ్ళకి నా నోరు మళ్ళీ ఆకాశం వైపు తిరిగింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, అప్పుడే దిగాడు జోగినాయుడు. పోలారావు భార్య వరహాలుకి అన్న. రెండు వాస్తు పుస్తకాలు చదివి, కనబడిన ఇంటి గుమ్మమల్లా మార్పించే రకం. మన దేశంలో ఏ ఊరెళ్ళి చూసినా మా జాతి గొడుగులన్నీ దక్షిణం కేసే చూస్తాయి, ఉపగ్రహాలు ఉండేది ఆ వైపునే గనక. బర్మా ఛానళ్ళు దక్షిణానికి కాస్త తూర్పుగా దొరుకుతాయి. పోలారావు నన్ను అటు తిప్పబోతుంటే జోగినాయుడు అడ్డం పడ్డాడు. దక్షిణం యముడి దిక్కట. ఇంత నోరు అటు తెరిచి పెడితే మంచం మీదున్న ముసలావిడని పిలిచి అప్పగించినట్టేనట. కుబేరుడి దిక్కు ఉత్తరం ఉండగా ఆ దిక్కుమాలిన దిక్కెందుకన్నాడు. చిన్న పళ్ళేలకైతే దిక్కు చూడాలి గానీ ఇంత పెద్దదానికి ఎటు తిప్పినా అందుతుందని సైన్సు కూడా చెప్పాడు. వరహాలు హడలిపోయింది. బావ మాట కాదనలేక పోలారావు నన్ను ఉత్తరానికి తిప్పి బిగించేశాడు.

ఉత్తరాన ఏముంది నా మొహం? ఒక కొండ, నాలుగు మబ్బులు, కాకులు. నెలల తరబడి వాటినే చూశాను. టీవీలో ఇసుక చల్లినట్టు చుక్కలు. పోలారావు తీగ మార్చాడు, డబ్బా మార్చాడు, ఆఖరికి పాత సామాను అని నన్ను తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం మనుషులకి ఎవరూ నేర్పక్కర్లేదు. వరహాలు నా గొట్టానికి దండెం కట్టి చీరలారేసింది. తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుతాను, నాకు పళ్ళు లేకపోయినా.

కింద గదిలో జరిగేదంతా వెలుతురు కంతలోంచి నాకు కనిపించేది. దాలమ్మ రోజంతా ఒకటే మాట అనేది. "యే... యే..." కళ్ళు వంటగది వైపు ఉండేవి. వంటగదిలో ఉండేది వరహాలు. ఒంట్లో సత్తువున్న రోజుల్లో దాలమ్మ కోడల్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. 'ఏయ్' అనేది, అంతే. ఆ అదిలింపే మళ్ళీ మొదలైందనుకుంది వరహాలు. మంచాన పడినా పొగరు తగ్గలేదని మొగుడితో అంది. యే అన్నప్పుడల్లా ముఖం తిప్పుకునేది. పక్క తడిపేస్తోందని నీళ్ళు కూడా తగ్గించేసింది. పొద్దున జావతో ఒక గుక్క, సాయంత్రం మాత్రతో ఒక గుక్క. చెడ్డ మనిషి కాదు, దుప్పట్లు ఉతికి ఉతికి నడుం పడిపోయిన మనిషి. అయినా నాకు ఆవిడ మీదా కోపమే.

ఒకరోజు దాలమ్మ జావ కూడా ఉమ్మేసింది. జోగినాయుడు ఎవరి గృహప్రవేశానికో అనకాపల్లి వెళ్ళి ఉన్నాడు. పోలారావు స్పానర్ పట్టుకుని లేచాడు. వద్దని వరహాలు చెయ్యి పట్టుకుంది.

"అమ్మ ఎలాగూ ఎల్లిపోయేలాగుంది. ఇంక యముడు కొత్తగా ఏటి సేత్తాడు?" అన్నాడు.

ఆ ఇంట్లో నేను విన్న మొదటి తెలివైన మాట అది. డాబా ఎక్కి నట్లు వదులు చేసి నన్ను మెల్లగా తిప్పసాగాడు. అంగుళం జరపడం, "వచ్చిందేటి?" అని కేకెయ్యడం. టీవీ ముందు నుంచి వరహాలు "రానేదు" అనడం. ఇంకో అంగుళం. మళ్ళీ "రానేదు". ఆగ్నేయం దాటి దక్షిణం దగ్గరికి వచ్చేసరికి నా జల్లెడ నిండా ఏదో వచ్చి పడింది. అలా నిండి ఎన్నేళ్ళయిందో! పోలారావు మళ్ళీ అడిగాడు. కింద వరహాలు తెరకి కళ్ళప్పగించింది.

తెర మీద చిన్నపిల్లల కార్యక్రమం వస్తోంది. జడలో పూలు పెట్టుకున్న బర్మా పంతులమ్మ ఒక్కొక్క వస్తువూ చూపించి పేరు చెబుతోంది. బియ్యం చూపించి ఏదో అంది. తర్వాత కుండలోంచి గాజు గ్లాసులోకి నీళ్ళు వంచి "యే" అంది. పిల్లలందరూ "యే" అన్నారు. మంచం మీంచి దాలమ్మ కూడా వాళ్ళతో పాటు "యే" అంది.

వరహాలు తెర మీది గ్లాసు కేసీ, అత్త కేసీ చూసింది. బిందె దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచింది. తొందరలో సగం నేలపాలు చేసింది. అత్త తల కింద చెయ్యి పెట్టి ఎత్తి తాగించింది. దాలమ్మ గటగటా తాగింది, ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ నోరు తెరిచింది.

"నన్ను తిడతన్నావనుకున్నానత్తా," అంది వరహాలు. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

డాబా దిగివచ్చిన పోలారావు గుమ్మంలోంచి అంతా చూశాడు. నీళ్ళండీ! నగలు కాదు, భూములు కాదు. పక్క గదిలో బిందె నిండా ఉన్న నీళ్ళు అడిగింది ఆ తల్లి. ఆవిడ ప్రాణం కాపాడతామని నన్ను ఉత్తరానికి కట్టేసి, ఆవిడ గొంతు ఎండగట్టారు. నాకు కోపం రాదా మరి? మీకు రాలేదా?

అనకాపల్లి నుంచి రాగానే జోగినాయుడు డాబా ఎక్కాడు. నన్ను చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఇంట్లోంచి పాడె లేచాక తననేమీ అనొద్దంటూ నా అంచు పట్టుకుని ఉత్తరానికి తిప్పబోయాడు. వెనకే మెట్లెక్కి వచ్చిన వరహాలు అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది. అన్న ముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి, అప్పుడూ ఎత్తలేదు.

"యముడొత్తే రానియ్యన్నియ్యా. దాహంతో మాత్రం మాయత్తని ఎల్నివ్వను."

జోగినాయుడు మళ్ళీ శాస్త్రం మొదలుపెట్టాడు. వరహాలు కూడా ఇంకా ఏదో అనబోయింది. కింది నుంచి "యే" అని వినబడింది. అనబోయిన మాట అక్కడే వదిలేసి, ఆవిడ గబగబా మెట్లు దిగిపోయింది.