ట్యాబ్ కీ ఆగిన చోట

సెక్యూరిటీవాడు ఆమెను జుట్టు పట్టుకుని కుర్చీలోంచి లాగాడు. దేన్నైనా పట్టుకుని ఆగుదామంటే ఆమెకు మణికట్ల కింద చేతులు లేవు. తలుపు అంచు తగిలి నుదురు పగిలింది. శిక్షణ గదిలో కంప్యూటర్ల ముందున్న నలభై మందీ కుర్చీల్లోంచి చూస్తుండిపోయారు. వాళ్ళలో మెషిన్లు బిగించే ఫిట్టరు తల దించుకున్నాడు.

ఇనప రేకులు నొక్కే ప్రెస్ షాపు మొత్తానికి ఆమె పెద్దక్క. రెండేళ్ళ కిందట ప్రెస్ ఆమె చేతుల్ని మణికట్ల దాకా నమిలేసింది. తర్వాత కంపెనీ స్టోర్స్‌లో కూర్చోబెట్టింది. ముంజేతికి కట్టుకున్న పుల్లతో ఆమె కీబోర్డు మీద టకటకలాడిస్తుంటే గుమాస్తాలు అందుకోలేకపోయేవారు. ఇప్పుడు కొత్త రూలు పెట్టారు. వెబ్ పేజీలో భద్రతా పాఠం పూర్తిచేస్తేనే గేటు పాసు. పాఠమంటే వీడియో. మధ్యమధ్యలో ఆగి ప్రశ్న అడుగుతుంది. జవాబు మౌస్‌తోనే నొక్కాలి. మౌస్ పట్టలేని ఆమె జవాబు దాకా జరగడానికి ట్యాబ్ కీ కొడితే, కర్సర్ వీడియోలోకి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయేది. ముందుకు పోదు, వెనక్కి రాదు. మూడు రోజులు కొట్టింది. నాలుగో రోజు సూపర్‌వైజరు ఫెయిలని గెంటించాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరూ పోగయ్యారు. కీబోర్డుతో నడిచేలా చేయడం పూట పనేనని, ఒక్క మనిషి కోసం అక్కర్లేదని కంపెనీయే ఆపిందని పేజీ తయారుచేసిన కాంట్రాక్టు అమ్మాయి చెప్పింది. పేజీ మారేదాకా పని ఆపుదామని కొందరన్నారు. పెద్దక్క బదులు ఇంకెవరైనా నొక్కితే పోయేదానికి మూడొందల మంది పొట్ట కొట్టుకోవాలా అని లేతు మెషిను పనివాడు విసుక్కున్నాడు.

ఫిట్టరు లేచాడు. "పెద్దక్క చేతులు తిన్న ప్రెస్‌కు అడ్డుగా ఉండాల్సిన జాలీ ఊడదీసింది నేనే. పని నెమ్మదిస్తోందని సూపర్‌వైజరు తీయమన్నాడు, తీశాను. రేపు నీ మెషిన్‌దీ నాచేతే తీయిస్తాడు. అప్పుడు నీకు బదులు ఎవరు నొక్కుతారు?"

పెద్దక్క అతని దగ్గరికొచ్చింది. మొండి చేత్తో మూతి మీద ఈడ్చి కొట్టింది. పెదవి చిట్లి రక్తం కారింది. అతను కదల్లేదు.

"రేపొద్దున శిక్షణ గదిలో నా పక్కన కూర్చో," అంది.

మర్నాడు పెద్దక్కను మధ్యలో ఉంచుకుని అందరూ శిక్షణ గదిలోకి వెళ్ళారు. మౌస్‌లన్నీ వైర్లతో సహా పీకి గది మధ్యలో కుప్పేశారు. అందరూ ట్యాబ్ కీ మాత్రమే కొట్టారు. ప్రతి తెరా ఒకే చోట బిగుసుకుపోయింది. ఒక్కరూ పాసవలేదు. కంపెనీ రూలు ప్రకారమే మెషిన్ల దగ్గరికి వెళ్ళే అర్హత ఎవరికీ లేకపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కంపెనీ పిలిచిన పోలీసులొచ్చారు.

లాఠీలు ఎవరినీ వదల్లేదు. కాంట్రాక్టు అమ్మాయి వేళ్ళు బూటు కింద నలిగాయి. లేతు పనివాడు ఆమె మీద అడ్డంగా పడుకుని దెబ్బలన్నీ తన వీపు మీదే కాశాడు. ఫిట్టరు భుజం ఎముక విరిగింది. అతన్ని మెట్ల మీదుగా ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు.

అప్పుడే రెండో షిఫ్టు వచ్చింది. మెట్ల మీద రక్తం చూశారు. ఏం జరిగిందో పెద్దక్క రెండు ముక్కల్లో చెప్పింది. వాళ్ళు వ్యాను ముందు రోడ్డు మీద కూర్చున్నారు. ఆమె అందరికంటే ముందు, చక్రానికి జానెడు దూరంలో కూర్చుంది.

లేవకపోతే తొక్కించేస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తొక్కించు. ఆ పేజీ మార్చేదాకా, జాలీలన్నీ బిగించేదాకా ఒక్క ప్రెస్ తిరగదు."

డ్రైవరు గేరు వేశాడు. విరిగిన భుజంతో ఫిట్టరు కిటికీ ఊచల దాకా పాకి బయటికి చూశాడు.

ఒక్కరూ లేవలేదు.