ణ లేని శిలాఫలకం

యుద్ధం ముగిసిన ముప్పై ఏళ్లకు ఊరి పెద్దలకు ఉన్నట్టుండి దేశభక్తి పుట్టుకొచ్చింది. అప్పట్లో కుర్రాళ్లకు సైనిక శిక్షణ ఇచ్చిన మైదానంలో శిలాఫలకం నిలబెడతారట. చెక్కే పని శిల్పికి వచ్చింది. అతని అన్న ప్రాణం పోయింది ఆ మైదానంలోనే. పరుగులో వెనకబడ్డాడని వీపున ఇసుక బస్తా కట్టి, మిట్టమధ్యాహ్నం పడిపోయేదాకా తిప్పారు. తిప్పిన డ్రిల్లు మాస్టరే ఇప్పుడు స్మారక సంఘం అధ్యక్షుడు! సిగ్గూ శరం ఉంటే కదా.

"పెద్దాడి పేరు లోతుగా చెక్కరా, నా వేలికి తగలాలి," అంది అమ్మ, పని వచ్చిందని తెలిసిన రోజే.

అధ్యక్షుడు కాగితం తెచ్చిచ్చాడు. పైన బెత్తెడు అక్షరాల్లో ఆయన పేరు. కింద ఇరవైమంది వీరులు. అన్న లేడు.

"మా అన్నయ్యని మర్చిపోయినట్టున్నారండీ," అన్నాడు శిల్పి.

"మీవాడు యుద్ధానికి వెళ్లనేలేదుగా! ఎండదెబ్బకి పోయినవాణ్ణి వీరుడంటే నలుగురూ నవ్వరూ?" అన్నాడాయన, పళ్లు కుట్టుకుంటూ.

ఎండదెబ్బట! అయినా శిల్పి అమ్మ కోసం కోపం దిగమింగుకుని, "ఓ మూల చిన్నగా చెక్కుకుంటానండీ," అని బతిమాలాడు.

"కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెక్కు. నీ సొంత తెలివి వాడకు."

ఆయన వెళ్లాక శిల్పి కాగితం మళ్లీ చదివాడు. "ఇక్కడ శిక్ష పొందిన వీరుల స్మృత్యర్థం." శిక్షణలో ణ ఎగిరిపోయింది. ఇలాంటి తప్పులు ఎన్ని దిద్దాడో లెక్కలేదు. ఈసారి మాత్రం ఉలి పట్టుకుని ఉన్నది ఉన్నట్టే చెక్కాడు.

ఆవిష్కరణ నాడు గుడ్డ లాగుతుంటే గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాడు. చప్పట్లు, దండలు, ఉపన్యాసాలు! అధ్యక్షుడు తన పేరు పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. ఒక్క వెధవైనా చదివితేగా! రెండు వరసలు చదివే ఓపిక లేనివాళ్లు చచ్చినవాళ్లని తలుచుకుంటారట, థూ!

అందరూ వెళ్లాక అమ్మ రాయి దగ్గరికి వచ్చింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ, "ఇక్కడ... శిక్ష... పొందిన..." అని చదివి ఆగింది.

"ఇన్నాళ్లకి నిజం ఒప్పుకున్నార్రా," అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె వేలు కిందికి జరిపి ఒక్కో పేరూ తడిమింది. ఇరవయ్యోది కూడా అయ్యాక మళ్లీ మొదటి పేరు దగ్గరికి వచ్చింది.

"పెద్దాడిని ఏ వరసలో పెట్టావురా?"