నోలీన్ మెట్టు దగ్గరికి వచ్చే సముద్రం

పొద్దున్నే మెర్వ్ టీ పెడతాడు, నోలీన్ తడి తువ్వాళ్ళు తాడు మీద ఆరేస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ తమ కారవాన్ ముందు మడత కుర్చీలు వేసుకుని, ఎవరి కుక్క ఎవరిని లాక్కుపోతోందో చూస్తూ కాల్చిన రొట్టె కొరుక్కుంటారు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ టింకర్స్ బే కారవాన్ పార్కులో అంతకంటే పెద్ద పని ఎవరికీ ఉండదు.

మెర్వ్ ఉద్యోగమంతా హోర్షమ్‌లో గోధుమ గోదాముల్లో గడిచింది. రిటైరయ్యేసరికి ఛాతీ నిండా ధూళే. ఉప్పుగాలి మంచిదని ఎవరో చెబితే, రెండు వారాలు ఉండిపోదామని ఈ చక్రాల ఇంటిని కారుకి తగిలించుకుని వచ్చారు. దగ్గు తగ్గింది. ఇంకో వారం ఉందాం అంది నోలీన్. ఆ ఇంకో వారం ఎన్నో చలికాలాలు దాటినా పూర్తి కాలేదు.

మధ్యాహ్నం టీ వేళకి సముద్రం వస్తుంది. ఇసుక దాటి, పిల్లల ఉయ్యాలల పక్కనుంచి, సిమెంటు బాట మీదుగా, మిగతా కారవాన్‌లు వేటినీ తాకకుండా నేరుగా నోలీన్ మెట్టు దగ్గరికొచ్చి ఆగుతుంది. చీలమండల లోతు ఉంటుందేమో. నోలీన్ అందులో కాళ్ళు పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, ఊళ్ళో సంగతులన్నీ చెబుతుంది. అది మెల్లగా ఊ కొడుతూ వింటుంది. ఉత్తరాలు పంచే ఆవిడ మేజోళ్ళు విప్పుకుని దాటి వస్తుంది. పక్క కారవాన్ రెజ్ తన బీరు సీసాలు చల్లబడటానికి అందులో నిలబెట్టుకుంటాడు. కప్పు ఖాళీ అయ్యాక సముద్రం వెళ్ళిపోతుంది. ఎవరికి మాత్రం కాసేపు కబుర్లు అక్కర్లేదు!

ఆ పార్కులో ఒక నియమం ఉంది. ఏ కారవానూ అక్కడే పాతుకుపోకూడదు. ఏడాదికోసారి ఒక్క రాత్రయినా బయట ఉండి రావాలి. అందరూ దాన్ని పండగలాగే చేసుకునేవాళ్ళు. ఇల్లు కారుకి తగిలించి, ఊరంతా చెయ్యి ఊపుతుంటే బయల్దేరి, సందు తిరిగి బౌలింగ్ క్లబ్బు వెనక ఆపి, సాసేజీలు కాల్చుకు తిని పడుకుని, తెల్లారి వచ్చేసేవాళ్ళు.

ఈసారి ఆ రోజు రాకముందే పార్కు మేనేజరు డీన్ వంగి కారవాన్ అడుగున చూశాడు. ఇనుప చట్రమంతా తుప్పు పట్టి, వేలు పెడితే రాలిపోతోంది. రోడ్డెక్కడానికి కాగితం ఇవ్వలేనని మెకానిక్కు తేల్చేశాడు. కాగితం లేకపోతే బయటికి వెళ్ళడానికి లేదు, వెళ్ళకపోతే ఉండటానికి లేదు. కారవాన్ తీసుకుపోవడానికి శుక్రవారం తుక్కు లారీ వస్తుందని డీన్ నేల చూస్తూ చెప్పాడు. క్రిస్మస్ సెలవులకి పిల్లలున్న కుటుంబాలు ఆ చోటు కోసం వరసలో ఉన్నాయట, తన చేతిలో ఏమీ లేదట.

కూతురు షెరిల్ ఫోను చేసి ఎగిరి గంతేసినంత పని చేసింది. హోర్షమ్‌లో తన ఇంటికి దగ్గర్లోనే ముసలివాళ్ళ కాలనీలో రెండు గదులు చూసిపెట్టిందట. బాత్రూములో పట్టుకోడానికి కడ్డీలు, మంచం పక్కన పిలుపు గంట. అంతా బాగుంది. కానీ ఆ కిటికీ తెరిస్తే కోతల కాలంలో లోపలికొచ్చేది గోధుమ ధూళే. ఆ గాలి మెర్వ్ ఎన్నాళ్ళు పీలుస్తాడో నోలీన్‌కి ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు.

"నీ నేస్తమే తినేసింది దీన్ని," అన్నాడు మెర్వ్, తుప్పు పొడి వేళ్ళ మధ్య నలుపుతూ. "రోజూ టీకి పిలిచావుగా. బిస్కెట్లు సరిపోలేదు కాబోలు."

నోలీన్ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం సముద్రం వచ్చేసరికి కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంది.

"నిన్ను ఇంట్లో మనిషిలా చూశాను," అంది. "నువ్వు నా ఇంటి కాళ్ళే కొరికావు. నేను ఏడవను, నిన్ను బతిమాలను. చేసిన పాడు నువ్వే బాగుచెయ్యి. అందాకా నా మెట్టు తొక్కకు."

సముద్రం చప్పుడు చెయ్యకుండా వెనక్కి పోయింది. మర్నాడు రాలేదు. బీరు వెచ్చగా ఉందని రెజ్ సణిగాడు.

శుక్రవారం లారీ వచ్చింది. దాని వెనకే షెరిల్ అట్టపెట్టెలతో దిగింది. నోలీన్ ఒక్క చెంచా కూడా సర్దలేదు. మెట్టు మీద అడ్డంగా కూర్చుని, ఆ నియమం ఏమిటో ఒకసారి చదవమని డీన్‌ని అడిగింది. ఒక్క రాత్రయినా పార్కు బయట గడపాలి, అని చదివాడు అతను.

"రోడ్డు మీదే వెళ్ళాలని ఉందా నాయనా?"

డీన్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "లేదు. కానీ ఇంకెలా వెళ్తారండీ?"

ఉయ్యాలల పక్కనుంచి సముద్రం వస్తోంది. ఎప్పటిలా చీలమండల లోతు కాదు, ఈసారి నడుములోతు వచ్చింది. డీన్ కాగితం నెత్తిన పెట్టుకుని పక్కకి జరిగాడు. లారీ డ్రైవరు బానెట్ మీదికెక్కి కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. నోలీన్ లేచి లోపలికెళ్ళి మెర్వ్ పక్కన కూర్చుంది. సముద్రం కారవాన్‌ని రెండు చేతులా ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. అలమరలో గ్లాసులు కూడా గలగలమనలేదు.

"అమ్మా, నాన్న మందులు!" అంటూ షెరిల్ నీళ్ళలో పరిగెత్తుకొచ్చి సంచీ విసిరింది. మెర్వ్ కిటికీలోంచి పట్టుకున్నాడు.

ఆ రాత్రి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ముకి అవతల, వెన్నెల పరుచుకున్న నీళ్ళ మీద ఉన్నారు. మెర్వ్ ఒక్కసారి కూడా దగ్గకుండా నిద్రపోయాడు. ఆ నిశ్శబ్దాన్ని నోలీన్ పాట విన్నట్టు వింటూ పడుకుంది.

తెల్లారేసరికి పార్కులో వాళ్ళంతా కుర్చీలు తెచ్చుకుని ఒడ్డున కూర్చున్నారు. ఎవరైనా కారవాన్‌ని వెనక్కి నడిపి దాని చోట్లో పెట్టాలంటే అక్కడందరికీ అదొక వేడుక. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్ళాం వెనక చేతులు ఊపుతూ, ఆ తర్వాత ఇద్దరికీ జరిగే గొడవ చూసి తీరాలి. నోలీన్ చేతుల సైగలు మెర్వ్ కాపురమంతా ఒక్కసారీ పట్టించుకోలేదు. ఆ పట్టించుకోకపోవడం వల్ల రెండు కుళాయిలూ, చర్చి ఫాదరుగారి కారూ సొట్టపడ్డాయి.

సముద్రం తమని పార్కు దాకా మోసుకొచ్చాక నోలీన్ గౌను ఎత్తిపట్టి మోకాలిలోతు నీళ్ళలోకి దిగింది. కారవాన్ వెనక్కి వెళ్ళి నిలబడి కుడిచెయ్యి ఊపింది. సముద్రం కుడికి వచ్చింది. ఎడమకి అంది, అది ఎడమకి తిరిగింది. మెర్వ్ కిటికీలోంచి తల బయటపెట్టి, చేతిలో టీ కప్పుతో నోరు తెరిచి చూస్తున్నాడు.

అట్టపెట్టె పట్టుకుని షెరిల్ ఎదురొచ్చి, ఇక చాలమ్మా, ఇంటికి పోదాం అని మొదలుపెట్టింది.

"పక్కకి జరుగు షెరిల్. దానికి అద్దాల్లేవు, నేను కనబడాలి."

మెల్లగా, అంగుళం అంగుళంగా, కారవాన్ తన పాత చోట్లోకి వచ్చింది. బాట మీదుగా డీన్ పరిగెత్తుకొస్తున్నాడు. చట్రానికి తుప్పు అలాగే ఉంది కదా, వచ్చే ఏడాది మళ్ళీ ఏం చేస్తారు అని దూరం నుంచే అడుగుతున్నాడు.

నోలీన్ అరచెయ్యి పైకెత్తింది.

సముద్రం ఆగింది. డీన్ ఆగాడు. షెరిల్ పెట్టె కింద పెట్టింది. నోలీన్ ఆ చెయ్యి దించకుండా ఒక్కొక్కరి వంకా చూసింది. "వచ్చే ఏడాదీ ఇదే తీసుకెళ్తుంది," అంది.