చిలుము పట్టిన దుప్పటి

“అద్దంలా చేసిపెట్టాను, వచ్చి చూసుకో అమ్మాయ్” అని అత్తయ్య వెనక గదిలోంచి పిలిచేసరికి నేను హాల్లో నేల తుడుస్తున్నాను. మధ్యాహ్నం ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్ వస్తుంది. సోఫా గలీబులు మార్చాలి, బాత్‌రూమ్ కడగాలి, వంట ఇంకా సగంలో ఉంది. తడిగుడ్డ చేత్తోనే వెళ్ళాను.

గుమ్మంలోనే నిమ్మ వాసన కొట్టింది.

బల్ల మీద నా దుప్పటి. పెళ్ళైన కొత్తలో కొన్నది, వాడి వాడి పల్చబడింది. దాని మీద అరచేయంత రాగిరేకులు పరిచి, సన్న మేకుతో అంచుల్లో చిల్లులు పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టాను. తర్వాత ఉప్పూ వెనిగరూ చల్లి పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టడం, తీసి ఆరబెట్టడం, మళ్ళీ చల్లడం. వానాకాలమంతా అలా చిలుము పట్టించాను. ఒక రేకు నాచు రంగుకొచ్చింది, ఒకటి నెమలి మెడలా నీలంగా తిరిగింది, మరొకటి మానుతున్న దెబ్బలా అయింది. పొద్దుటిదాకా అవన్నీ ఉన్నాయి. ఇప్పుడు రేకులన్నీ కొత్త చెంబుల్లా తళతళలాడుతున్నాయి.

“చిలుం పట్టిన సామాను పెద్దవాళ్ళకి చూపిస్తామా? పాత పళ్ళ బ్రష్షుతో తోమాను. నీ కుట్టు ఒక్కటి కూడా కదల్లేదు, చూసుకో” అంది అత్తయ్య.

నిజమే, ఒక్క కుట్టూ కదల్లేదు. ఆవిడ ముఖంలో మెచ్చుకోలు కోసం ఎదురుచూపు. తడిగుడ్డలోంచి నీళ్ళు నా పాదాల మీద కారుతున్నాయి. “బాగుంది అత్తయ్యా” అన్నాను. ఇంకేం అనాలి?

మా ఆయనకి ఫోన్ చేశాను. అత్తయ్య దుప్పటి తోమేసిందని చెప్పాను. “తెలియక చేసింది. పెద్దావిడని ఏమీ అనకు. నిమ్మరసానికి వేళ్ళు మండుతుంటాయి, ముందు అది చూడు” అన్నాడు. చూశాను. అత్తయ్య వేళ్ళ చివర్లు పగిలి ఎర్రగా ఉన్నాయి. మందు రాసి, మిగిలిన వంట ముగించాను.

శని, ఆదివారాలు ఆ వెనక గదిలోనే నలుగురికి పాఠం చెబుతాను. ఒక రిటైర్డ్ నర్సు, ఇద్దరు టైలర్లు, పక్కింటి వదిన. రేకు అంచు మడవడం మొదటి పాఠం. మడవకపోతే గుడ్డ కదిలినప్పుడల్లా అది దారాన్ని కోస్తుంది. రేకుకి ఏమీ కాదు, తెగేది దారమే. ఆ మాట చెప్పినప్పుడు నర్సు, “మా ఇంటికొచ్చి చూసినట్టే చెబుతున్నావు టీచరూ” అంది. అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

మా ఆయన స్నేహితులొస్తే, “మా ఆవిడకి రెండు డబ్బా మూతలివ్వండ్రా, చొక్కా కుట్టిపెడుతుంది” అంటాడు. కాలేజీలో ఈ పనే నేర్పే ఉద్యోగం ఉందని తెలిసినప్పుడు మాత్రం జోకు వేయలేదు. “పొద్దున్నే వెళ్ళిపోతే అమ్మకి మందులెవరిస్తారు?” అన్నాడు. అయినా వద్దనలేదు. పోయిన ఆదివారం ఆ గది గుమ్మంలో నిలబడి, పెళ్ళయ్యాక మొదటిసారి నా పని గురించి అడిగాడు. ఈ పచ్చ ఎలా వస్తుంది? కడిగితే పోతుందా? నాకెంత సంబరమేసిందో. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా అన్నీ చెప్పాను. నీళ్ళకి పోదండీ, పులుపు పెట్టి తోమడమంటేనే దీనికి భయం అన్నాను.

ప్రిన్సిపాల్ వచ్చింది. నేను దరఖాస్తుతో పంపిన ఫొటోలో చూసిన పచ్చని కళ్ళారా చూడాలని, అంత వెనిగర్ పడినా దారం ఎలా కుళ్ళలేదో తెలుసుకోవాలని వచ్చింది పాపం. చాలాసేపు చూసింది. తిరగేసి కుట్లు చూసింది. “చేతిపని చాలా బాగుందమ్మా. కానీ ఉద్యోగాల కమిటీకి నేను చెప్పింది ఈ దుప్పటి గురించి కాదు కదా” అంది. జరిగింది చెప్పాను. అత్తయ్య వంటింటి తలుపు వెనక వింటోందని తెలిసి, గొంతు తగ్గించే చెప్పాను. ప్రిన్సిపాల్ నా చేయి పట్టుకుని, ఎంపికైనవాళ్ళ జాబితా రేపే ఖాయమవుతుందని, వచ్చే ఏడాది తప్పకుండా ప్రయత్నించమని చెప్పి వెళ్ళిపోయింది.

వంటింట్లో అత్తయ్య గోడకానుకుని ఏడుస్తోంది. “నా చేతులు విరిగిపోను. ఏ పనైనా నిన్నడగకుండా చేశానా ఎప్పుడైనా? నీ మొగుడే కదమ్మా చెప్పాడు, పొద్దున ఆఫీసుకెళ్తూ నిమ్మకాయలు చేతిలో పెట్టి. కోడలు పనిలో తలమునకలుగా ఉంది, నువ్వైనా శుభ్రం చెయ్యమ్మా, సంతోషిస్తుంది అన్నాడు.”

పొద్దున ఫోన్లో నేను నిమ్మకాయ మాటే ఎత్తలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అత్తయ్య కళ్ళు తుడిచాను. ఆవిడకి చెప్పి ఏం లాభం? ఆవిడ కొడుకు. ఆయన్ని నిలదీస్తే ఏమంటాడో కూడా తెలుసు. ఇల్లు శుభ్రం చేయించడం కూడా తప్పేనా అంటాడు. నిజమే అనిపించేలా అంటాడు. నా దగ్గర ఉన్నదల్లా ఆరు నిమ్మచెక్కలు, చెత్తబుట్టలో.

సాయంత్రం ఆయన స్వీట్ల పొట్లంతో వచ్చాడు. నేను మంచం మీద ఆయన చొక్కాలు మడతపెడుతున్నాను. పక్కన కూర్చుని నా భుజం మీద చేయి వేశాడు.

“పోనీలే. మళ్ళీ పట్టించుకోవచ్చుగా ఆ పచ్చ? ఎన్నాళ్ళు పడుతుందేంటి?”

గొంతులో జాలి ఉంది. ఆదివారం గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు కూడా ఇలాగే మెత్తగా అడిగాడు.

“పట్టదండీ. ఒకసారి తోమేశాక ఇక పట్టదు” అన్నాను.

ఆయన చేయి నా భుజం మీద తేలికపడింది. “సరే, భోజనం వడ్డించు” అని లేచాడు.

వడ్డించే ముందు వెనక గదిలోకి వెళ్ళాను. మధ్యాహ్నమే దుప్పటి పెట్టి, పాత కర్టెన్ల కింద దాచిన డబ్బా మూత నాలుగు మూలలా గట్టిగా నొక్కి వచ్చాను, వెనిగర్ వాసన బయటికి రాకుండా.