మేత నేర్పినవాడు

మంచు ఆరేదాకా వరహాలు దొడ్డి తడిక తీయడు. లోపల మేకలు ఒకదాని వీపు మీద ఒకటి గడ్డం ఆనించి అరుస్తున్నాయి. అతను వంగి గట్టు మీది గడ్డిని అరచేత్తో నిమిరి, ఆ చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఇంకా తడిగానే ఉంది. తడి మేత తిన్న మేక మధ్యాహ్నానికి కడుపుబ్బి కూలబడుతుంది. కాసేపు ఆగాలి.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, ఎండిన సరుగుడు కట్టెలా ఉంటాడు. మోకాళ్ళ కింద ముళ్ళు గీరిన తెల్లటి చారలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పాదాలదాకా దిగుతాయి. మేకలు తినే ఆకల్లా తానూ కొరికి చూసే అలవాటు వల్ల ముందు పళ్ళ మీద ఎప్పుడూ పసరు మరక ఉంటుంది.

వాకిట్లో భార్య కాంతమ్మ మేకపిల్లకు సీసాతో పాలు పడుతోంది. నల్లటి పిల్ల, నుదుట తెల్లమచ్చ. పుట్టిన వారానికే దాని తల్లి పాము కరిచి చచ్చిపోయింది. అప్పట్నించి అది కాంతమ్మ కొంగు వదలదు.

"ఈయేళ కూడా దీన్ని ఇంటికాడే ఉంచీ మావా," అంది కాంతమ్మ.

"పాలతో ఎన్నాళ్ళు బతుకుతాది? పొట్టకి ఆకు అలవాటవ్వాల కదా."

"ఏ ఆకు తినాలో సూపడానికి తల్లి నేదు. దానికేటి తెలుస్తాది?"

"నాను సూపిత్తాను," అన్నాడు వరహాలు తడిక తీస్తూ.

పూండి ఊరికి పడమరగా ఉన్న ఆ కొండ ఎక్కాలంటే రామూర్తి జీడితోట దాటాల్సిందే, వేరే దారి లేదు. తిత్లీ తుపానుకు తోటంతా వేళ్ళతో సహా పెకలిపోతే, కూడబెట్టుకుని రామూర్తి మళ్ళీ మొక్కలు వేశాడు. ఇప్పుడవి నడుమెత్తు. తోటకు ఇవతలే వరహాలు మందను రేగుపొదల దగ్గర ఆపాడు.

మేకలు ముళ్ళలోకి మూతులు దూర్చాయి. ముల్లుకూ ముల్లుకూ మధ్య ఉన్న ఒక్క ఆకును పై పెదవితో పట్టి లాగి, ముల్లు తగలకుండా నోరు వెనక్కి తీస్తాయి. ఏ మేకా ఒక పొద దగ్గర నిలబడదు. నాలుగు ఆకులు ఇక్కడ, రెండు పళ్ళు అక్కడ, ఆ పైన పక్క పొద. ముసలి మేకలు రాలిన రేగుపళ్ళు ఏరుకుంటున్నాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా వరహాలుకు ఆ పెదవుల నేర్పు చూస్తుంటే ఇప్పటికీ ముచ్చటే.

రామూర్తి తోటలోంచి కర్ర పట్టుకొని వచ్చాడు.

"వరాలూ, మొన్న నీ మేక ఒక మొక్క సివర కొరికీసింది. రేపు కంచె కట్టీత్తాను. ఈ దారి మరిసిపో."

"కొరికింది నిజిమే బావా. ఆ పొద్దు కంగారులో కాలీ కడుపుతో తోలీసినాను. జీడాకంటే వాటికి ఇష్టం నేదు, ఆకలేస్తేనే ముట్టుకుంతాయి. ఈయేళ సూడు, ఇక్కడ కొంచెం మేపీసి తోల్తన్నాను."

రామూర్తి కర్ర దించాడు. తుపాను తర్వాత ఊళ్ళో గడ్డివాములన్నీ నానిపోయి కుళ్ళినప్పుడు, పడిపోయిన చెట్ల మీదికెక్కి ఏ కొమ్మ పశువుకు పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో చూసి, ఇంటింటికీ నరికి తెచ్చిచ్చింది వరహాలే. రామూర్తి ఆవు ఆ మేతతోనే బతికింది. అది గుర్తుండే కాబోలు అతని గొంతు తగ్గింది.

"సాయంత్రం నాను ఇక్కడే ఉంతాను. ఒక్క ఆకు తెగినా కంచే."

"అలగే బావా."

కొండవాలు ఎక్కాక మేకలు విడిపోయాయి. కొమ్ములున్నవి పరికి పొదల్లోకి, పాలిచ్చేవి తుమ్మల కిందికి. వావిలినీ జిల్లేడునీ అన్నీ దాటుకుపోయాయి. నల్లపిల్ల మాత్రం మందలో కలవకుండా వరహాలు మడమలు వాసన చూస్తూ నడిచింది. ఒకచోట ఆగి, నిగనిగలాడే లేతాకు నోట పెట్టుకుంది. విషముష్టి ఆకు. వరహాలు గబుక్కున కూర్చుని దాని దవడలు విడదీసి, వేలితో ఆకు బయటికి లాగాడు.

"అది కాదమ్మా. సేదుగా ఉంటాది, సంపేత్తాది."

బలుసాకు తుంపి ముందు తను నమిలాడు. నములుతున్న నోటిని పిల్ల ముక్కు దగ్గర పెట్టాడు. అది వాసన చూసి తల విదిలించింది. మళ్ళీ పెట్టాడు. అన్నం తినని పిల్లకు తల్లి ఎంత ఓపిక పడుతుందో అంత ఓపికగా పొద పొదకూ అదే పని చేశాడు.

అతనికీ ఇలాగే నేర్పారు. వరహాలు పుట్టింది సముద్రం ఒడ్డున, వేటకెళ్ళే ఇంట్లో. తండ్రి పడవ తిరిగి రాలేదు. తల్లి ఆ ఏడే జ్వరంతో పోయింది. ఎరువు కోసం కొబ్బరితోటల్లో మంద కట్టడానికి కొండకింది నుంచి నీలమ్మ అనే ఒంటరి మనిషి ఏటా వచ్చేది. రాత్రిళ్ళు ఈ పిల్లవాడు ఆమె మేకల మధ్య వెచ్చగా ముడుచుకుని పడుకునేవాడు. వెళ్ళేటప్పుడు ఆమె వాణ్ణి కూడా తోలుకొచ్చింది. చేపా అన్నం తప్ప ఎరగని వాడు చోడంబలి ముట్టలేదు. నీలమ్మ బతిమాలలేదు, కొట్టలేదు. ఎదురుగా కూర్చుని, తను ఒక గుక్క తాగి, గిన్నె వాడి ముందుకు జరిపేది. కొన్నాళ్ళకు వాడే గిన్నె అందుకున్నాడు. ఆ తర్వాత కొండ మీద ఏ కాయ తినొచ్చో, ఏ దుంప తవ్వుకోవచ్చో మేకలతో పాటే నేర్చుకున్నాడు.

పైనుంచి చూస్తే రైలు పట్టాలు, వాటి అవతల పచ్చటి తోటలు, ఆ చివర సముద్రం నీలపు గీతలా కనిపిస్తాయి. ఆ వైపు ఒకసారి చూసి వరహాలు లేచాడు. ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఎడమ భుజం లాగుతోంది.

కొండ మీంచి పారే గెడ్డ పక్కన జువ్విచెట్టు చిగురించింది. రాగిరంగు లేతాకు ఎండకు మెరుస్తోంది. ఇక మేకలను ఆపేవారు లేరు. పెద్దవి మానుకు ముందుకాళ్ళు ఆనించి, నిటారుగా నిలబడి కొమ్మలు అందుకున్నాయి. నల్లపిల్ల ఎగిరి చూసింది, అందలేదు. కింద నిలబడి సన్నగా అరిచింది.

వరహాలు ఒక కొమ్మ పట్టి వంచాడు. పిల్ల దగ్గరికొచ్చింది. ఈసారి అతను నమిలి చూపించలేదు. అది ముదురాకు వాసన చూసి వదిలేసింది. పక్కనున్నదీ వదిలేసింది. చివరనున్న చిగురు దగ్గర ఆగి, పై పెదవితో పట్టి, తుంపి, నమిలింది. మళ్ళీ చిగురే అందుకుంది.

వరహాలు నవ్వుకున్నాడు. "అదీ. తెలిసిపోయింది నీకు."

చెయ్యి తిమ్మిరెక్కింది. తలగుడ్డ విప్పి, ఒక కొస కొమ్మకూ ఇంకో కొస నేలలో పాతుకున్న రాతి కొనకూ ముడేసి, చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. పిల్ల నములుతున్న చప్పుడు వింటూ, దాని దవడ కదలడం చూస్తూ ఉన్నాడు. కాసేపటికి చూడడం మానేశాడు.

పొద్దు వాలుతుండగా మంద తనంతట తానే దిగింది. తోటలో నిలబడ్డ రామూర్తి ముందునుంచి మేకలు వరసగా, నిండు కడుపులతో నడిచిపోయాయి. ఒకటి మొక్క దగ్గర ఆగి, వాసన చూసి, ముందుకు పోయింది. చివరి మేక వెనక మనిషి కోసం రామూర్తి చూశాడు. ఎవరూ రాలేదు. అతను కాంతమ్మ ఇంటికి పరిగెత్తాడు.

"మేకలొచ్చీసినాయమ్మా. వరాలు రానేదు."

కాంతమ్మ మందంతా కలయజూసింది. "పిల్ల నేదు. దాని కాడే ఉండుంటాడు," అంది, అప్పటికే కొండవైపు నడుస్తూ.

వెళ్ళేసరికి నల్లపిల్ల అతని మోకాలి మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. కాంతమ్మ అతని చెంప తాకి, అలాగే కూర్చుండిపోయింది. కొంతసేపటికి రామూర్తి వరహాలును వీపున వేసుకుని దిగాడు. ఆమె పిల్లను ఎత్తుకుని వెనకాల వచ్చింది.

దినాలయ్యాక కాంతమ్మ తనే మంద తోలుకుని బయల్దేరింది. రామూర్తి కంచె కట్టాడు గాని, కొండకు పోయే దారి వెడల్పుగా వదిలిపెట్టాడు.

"రేగుపొదల కాడ కొంచెం ఆపీసి తోలమ్మా," అన్నాడు.

"అలగే అన్నా," అందామె.

గెడ్డ పక్కకు రాగానే నల్లపిల్ల అందరికన్నా ముందు జువ్విచెట్టు కిందికి ఉరికింది. ఆ కొమ్మ ఇంకా వంగే ఉంది, కొసన మళ్ళీ రాగిరంగు చిగుళ్ళు. కొమ్మ పైకి లాగిన కొద్దీ ముడి మరింత బిగిసి, ఎండకు వెలిసిన చారల తలగుడ్డ రాతికీ చిగురుకీ మధ్య బిర్రుగా నిలిచి ఉంది.